పైన రెండు మడతలు, కింద ఆరు

మా పక్కింటి టైలరక్క గురించి చెప్పాలంటే ముందు ఆవిడ చూపు గురించి చెప్పాలి. ఎవరైనా ఎదురైతే మనం మొహం చూస్తాం. అక్క భుజాలు చూస్తుంది. "ఈయనకి కుడి భుజం అరంగుళం కిందికుంది. ఎవడు కుట్టాడో గానీ కోటు పాపం ఏడుస్తోంది" అంటుంది, ఆ మనిషి ఇంకా గుమ్మం దాటకుండానే. మా చుట్టుపక్కల వీధుల్లో ఎవరికి పొట్ట పెరిగిందో, ఎవరికి తగ్గిందో వాళ్ల పెళ్లాలకంటే ముందు అక్కకే తెలుస్తుంది. తెలిస్తే ఊరుకుంటుందా? ఊరుకోదు.

వాళ్ల ముందుగదే దుకాణం. మిషను కిటికీ దగ్గర వేసుకుంది, దారం రంగు ఎండలోనే చూడాలని. ట్యూబులైటు అబద్ధాలకోరంట. పక్కగదిలో నా ఇస్త్రీ బల్ల. మధ్యలో తలుపు లేదు, ఒక పాత కర్టెను ఉంది, అంతే. ఆవిడ కుట్టింది కుట్టినట్టు నా చేతికొస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే మా బతుకు. నాకిచ్చే ముందు ప్రతి చొక్కానీ తిరగేసి ఒకసారి చూస్తుంది. "పైన అందరూ బాగానే కుడతారే చెల్లీ. తిరగేస్తేనే తెలిసేది, ఎవరెంత దొంగలో."

ఇక వాళ్లాయన. నేను బావ అంటాను. ముప్ఫై రెండేళ్లు సిటీ బస్సు నడిపాడు. ఆ ముప్ఫై రెండేళ్లలో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. డిపోలో చిన్న డ్రైవర్లంతా "గురువుగారూ" అనేవాళ్లు. రిటైరై ఇంటికొచ్చాక ఆయనకి మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే. మా వీధిలో ఎవరు బండి కొన్నా బావని వెంటబెట్టుకుని వెళ్లాల్సిందే. ఆయన బండి కిందికి దూరతాడు, ఇంజిను వింటాడు, బ్రేకు తొక్కుతాడు, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటాడు. "తీసుకో" అంటే తీసుకోవడం. "పద" అంటే వచ్చేయడం. మూడో మాట ఉండదు.

ఊరందర్నీ తిప్పిన మనిషికి సొంతానికి మాత్రం సైకిలే ఉండేది. ఆఖరికి ఈ మధ్య కారు కొన్నారు. కొత్తది, తెల్లది, పాలమీగడలాంటి తెలుపు. బావ షోరూంలో రెండు గంటలు చూశాడంట. నేల మీద పేపరు పరుచుకుని పడుకుని మరీ చూశాడంట. షోరూం వాళ్లు మూడుసార్లు టీ ఇచ్చారంట, లేస్తాడేమోనని. లేచి, "తీసుకుందాం" అన్నాడు. ఇంటికి తెచ్చాక వీధంతా వచ్చి చూసింది. "గురువుగారు ఏరి తెచ్చారంటే ఇంక చెప్పేదేముంది" అన్నారు. బావ మొహం చూడాలి ఆ రోజు. కొత్త గుండీలా మెరిసిపోయింది.

రెండు వారాలకి మొదటి వాన పడింది. వానలో ఎక్కడికో వెళ్లొచ్చి అక్క చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది.

"ఏవండీ, నా కాళ్ల దగ్గర చాప తడిసిపోయింది."

"నీ గొడుగులోంచి నీళ్లు కారి ఉంటాయి."

"నా గొడుగు వెనకసీట్లో ఉంది కదండీ."

"అయితే వెనక నుంచి కారి ఉంటాయి."

"నీళ్లు వెనక నుంచి ముందుకి నడిచొచ్చాయా, టిక్కెట్టు కొనుక్కుని?"

బావ చాప తీసి ఎండేశాడు. రెండో వానకి మళ్లీ తడిసింది. అప్పుడు షోరూంకి తీసుకెళ్లాడు. వాళ్లు తలుపు చుట్టూ ఉండే రబ్బరుకి ఏదో జిగురు పూసి, "కొత్త బండి కదా సార్, రబ్బరు సర్దుకోవాలి" అన్నారంట. బావ సరేనని వచ్చేశాడు. నాకు అక్కడే వింతగా అనిపించింది. వీధిలో ఎవరి బండికైనా ఒక నట్టు వదులుగా ఉంటే కంపెనీ వాడి తాతని కూడా తిట్టే మనిషి, తన కారు విషయంలో సరేననడమేంటి?

మూడో వానకి కారులో ముక్కిన వాసన మొదలైంది. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం, బావ ఏదో పని మీద బయటికెళ్లినప్పుడు అక్క కర్టెను తీసి, "ఇస్త్రీ కట్టేసి రావే ఒకసారి" అంది. కారు ఎప్పుడూ ఎడమవైపు గోడకి ఆనుకుని ఉంటుంది. మేమిద్దరం సన్నగా గోడకీ కారుకీ మధ్య దూరాం. సన్నగా అంటే అక్క దూరింది, నేను ఇరుక్కున్నాను.

"ఈ ముందు తలుపు చూడు. ఆ వెనక తలుపు చూడు. ఏం కనిపిస్తోంది?"

"రెండూ తెల్లగానే ఉన్నాయక్కా."

"తెలుపులో నూట పద్నాలుగు రకాలే మొద్దూ. ఇవి రెండూ అన్నదమ్ములే గానీ కవలలు కాదు."

తర్వాత ఒక కాటన్ ముక్క తీసింది. కొత్త బట్టలోంచి కత్తిరించిన ముక్క. అటు తిరిగెళ్లి కుడివైపు తలుపు సందులో దాన్ని మడిచి పెడితే నాలుగు మడతలు పట్టాయి, పైనా నాలుగే, కిందా నాలుగే. మళ్లీ ఇటొచ్చి పెడితే, ఎడమవైపు ముందు తలుపుకి పైన రెండు మడతలకే బిగుసుకుపోయింది. కిందికొస్తే ఆరు మడతలు పెట్టినా ఇంకా వదులే. అక్క ఆ తలుపు గోడకి తగలకుండా ఓరగా తెరిచి రబ్బరు కొంచెం వెనక్కి లాగింది. లోపల, ఎవరూ చూడరనుకున్న చోట, తెల్లరంగు చుక్కలు రబ్బరు మీద చింది ఉన్నాయి.

"చూశావా లోపలి కుట్టు?" అంది అక్క. "ఇది కొత్త కోటు కాదే. ఎక్కడో చిరిగితే అతుకేసి, ఇస్త్రీ చేసి, కొత్తదని మనకి అమ్మారు."

"మరింకేం, బావకి చెప్పు. వెళ్లి వాళ్ల మొహాన కొట్టి రండి."

అక్క ఆ ముక్కని మడతపెట్టి మళ్లీ విప్పింది. ఆవిడ మాట కోసం తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎలా చెప్పనే? ఈ వీధిలో ఆరు బళ్లు ఆయన మాట మీద కొన్నారు. గురువుగారి కళ్లు కప్పారని తెలిస్తే రేపు ఆయన్ని ఎవరు పిలుస్తారు? కారు పోతే పోనీ. మనిషి ముడుచుకుపోతాడు."

సాయంత్రం బావ వచ్చాడు. కర్టెను ఇవతల నేను చొక్కాలు రుద్దుతున్నాను. వినాలని కాదు, చెవులున్నాయి కాబట్టి విన్నాను. అక్క మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసింది.

"ఏవండీ. ఆ ఎడమ తలుపు..."

"తెలుసు" అన్నాడు బావ.

అక్క కుర్చీ కిర్రుమని అటు తిరిగిన చప్పుడైంది.

"ఎప్పటి నుంచి?"

"మూడో రోజు కారు కడుగుతుంటే చూశాను. తలుపు బందుల దగ్గర బోల్టుల మీద పానా గీతలున్నాయి. ఫ్యాక్టరీలో బిగించాక రంగేస్తారు, గీత పడదు. గీత పడిందంటే ఎవరో విప్పినట్టే."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? నాకు నేను చెప్పుకోడానికే వారం పట్టింది. ఇంజిను చూశానే, గేరుపెట్టె చూశాను, టైర్లు గోటితో గీకి చూశాను. డ్రైవరు బుద్ధి అంతేనే. బస్సు బాడీకి రంగు ఎలా ఉంటే మాకేం? నడుస్తుందా, ఆగుతుందా, అంతే. తలుపు వైపు చూడనే లేదు."

అందుకేనన్నమాట, ఎడమవైపు ఎప్పుడూ గోడకే. తేలు కుట్టిన దొంగలా ఇన్ని రోజులూ కిక్కురుమనకుండా ఉన్నాడు.

"సరే, మీరు రావద్దు" అంది అక్క. "నేనే వెళ్తాను. నేను చూసుకోకుండా తీసుకున్నానని చెప్తా. మీ పేరు ఎత్తను."

"కారు ఎవరు నడుపుతారు?"

అదొకటుంది కదా. అక్కకి తొక్కడం వచ్చిన బండి కుట్టుమిషనొక్కటే. ఆఖరికి బావ నడిపేటట్టు, షోరూం బయట కారులోనే కూర్చునేటట్టు ఒప్పందం కుదిరింది. తోడుకి నన్ను రమ్మన్నారు. ఇలాంటివి నేను వద్దంటానా?

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. అద్దాల షోరూం, లోపల చలి, నేల మీద మన మొహం మనకి కనిపిస్తుంది. ఆ మేనేజరు నల్లకోటు వేసుకుని నవ్వుతూ వచ్చాడు. అక్క నా చెవిలో, "ఎడమ చెయ్యి పావంగుళం పొడుగు" అంది. నాకు నవ్వాగలేదు.

అక్క ఆ కాటన్ ముక్క బల్ల మీద పెట్టి మడతల లెక్క చెప్పింది. రంగు తేడా చెప్పింది. రబ్బరు మీద చుక్కలు చెప్పింది. గొంతు పెంచలేదు. కొలతలు చెప్పినట్టు చెప్పింది. "ఇది మాకొద్దు బాబూ. వెనక్కి తీసుకోండి."

"అమ్మా, అవి ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి. గుడ్డముక్కతో కారు కొలుస్తారా ఎవరైనా?"

"గుడ్డముక్క అబద్ధం చెప్పదు బాబూ. దానికి జీతం లేదు."

ఆ మూల సోఫాలో కారు కొనడానికొచ్చిన ఒకాయన కిసుక్కున నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. ఒక ఫైలు తెచ్చి తెరిచాడు.

"ఇదుగో, సార్ సంతకం. రెండు గంటలు చూశారమ్మా ఆయన. కింద పడుకుని చూశారు. మా వాళ్లంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత అనుభవమున్న మనిషి బాగుందని సంతకం పెట్టాక, ఇవాళ మీరొచ్చి బాగాలేదంటే ఎలా? అయితే సార్‌కి తెలియదంటారా?"

అంతే. అవునంటే ఆయన పరువు పోతుంది, కాదంటే కారు ఇంట్లోనే ఉంటుంది. నేను అక్క చేతివైపు చూశాను. ఆ ముక్కని మడుస్తోంది, మడుస్తోంది, ఇంక మడత పడనంత చిన్నదయ్యేదాకా మడిచింది. "పోనీలే చెల్లీ, పద" అని లేచింది.

అప్పుడు అద్దం తలుపు తోసుకుని బావ వచ్చాడు. బయట నుంచి అన్నీ కనిపిస్తున్నాయి కదా ఆ అద్దాల్లోంచి, మాట వినపడకపోయినా అక్క లేవడం చూశాడు.

సోఫాలో ఆయన గబుక్కున లేచాడు. "గురువుగారూ! మీరా!"

చూస్తే డిపోలో బావ దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్న డ్రైవరు. అక్క మొహంలో రక్తం లేదు. ఎవరి ముందు జరగకూడదనుకుందో వాళ్ల ముందే జరుగుతోంది.

బావ ఆయనకి తలూపాడు. ఆ తర్వాత మేనేజరుకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ సంతకం నాదే. రెండు గంటలు చూసింది నిజం. ఇంజిను చూశాను. అది బాగుంది, ఇప్పటికీ బాగుంది. తలుపు చూడలేదు. నాకు తెలియలేదు. మా ఆవిడకి తెలిసింది."

ఇంత చిన్న మాట. కానీ ఆ మనిషి నోట "నాకు తెలియలేదు" అనే మాట ఇరవై ఏళ్లలో నేను వినలేదు. వీధిలో ఎవరూ విని ఉండరు.

"ఇప్పుడు మీ మేస్త్రీని పిలవండి" అన్నాడు. "ఆ బోల్టులు చూసి, ఆ తలుపు ఎప్పుడూ విప్పలేదని నా మొహం చూసి చెప్పమనండి. చెప్తే నేను కారు తీసుకుని వెళ్లిపోతా."

వెనక షెడ్డులోంచి మేస్త్రీ వచ్చాడు, నెరిసిన మీసం, చేతుల నిండా గ్రీజు. కారు దగ్గర వంగి చూశాడు. లేచాడు. మేనేజరు వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "ఇది విప్పిందే సార్" అన్నాడు మెల్లగా. "లారీలోంచి దింపేటప్పుడు తగిలింది కదా, ఆ బండే ఇది."

మేనేజరు మొహం ఆ కారు రంగులోకి తిరిగింది. నూట పద్నాలుగు తెలుపుల్లో ఏదో ఒకటి. సోఫా దగ్గరాయన తన చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. అది చూశాక మేనేజరు కంగారుగా ఫోనందుకుని పైవాళ్లతో మాట్లాడాడు. అరగంట కూర్చోబెట్టారు, మళ్లీ టీ ఇచ్చారు. చివరికి కారు ఉంచేసి వెళ్లమన్నారు, పది రోజుల్లో వేరేది తెప్పిస్తామని కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చారు. అక్క ఆ కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూసింది.

ముగ్గురం బయటికొచ్చాం. బావ తలొంచుకుని నడుస్తున్నాడు. వెనక నుంచి ఆ డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు.

"గురువుగారూ, మీకు ఫోన్ చేద్దామనే అనుకున్నా. నా కారు చూసిపెట్టాలి మీరు."

బావ ఆగాడు. "ఇందాకంతా విన్నావు కదయ్యా?"

"విన్నాను కాబట్టే అడుగుతున్నా గురువుగారూ. తెలియలేదని చెప్పేవాడైతేనే కదా, తెలిసిందన్నప్పుడు నమ్మేది."

బావ అక్కవైపు చూశాడు. "నేనొక్కణ్ణే రాను. మీ వదిన వస్తే వస్తా" అన్నాడు.

"నాకు యూనిఫాంలు కుట్టేదుంది, నాకెక్కడ కుదురుతుంది" అంది అక్క. అంటూనే, ఎప్పుడూ మెడలోనే ఉండే కొలతల టేపు సరిచేసుకుంది.

బస్సెక్కి ఇంటికొచ్చాం. బావకి కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది.

పది రోజులకి కొత్త కారు చూడటానికి పిలిచారు. బావ గంటలో తన పని ముగించుకుని, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. అక్క అప్పటికింకా కుడి వెనక తలుపు దాకానే వచ్చింది.

"ఏమేవ్, ఇంకా ఎంతసేపు?"

"లైనింగ్ చూడకుండా కోటెవరైనా కొంటారా?"

"కాళ్లు లాగుతున్నాయే."

"అయితే కూర్చోండి. టీ ఇస్తారు" అంది అక్క, కారు తలుపు రబ్బరు వెనక్కి లాగి చూస్తూ.