పన్నెండో రేక

మా ఆయన జీవితంలోకి నాకంటే ముందు వచ్చింది ఒక తాటిచెట్టు. ఈ మాట ఒకప్పుడు పళ్లు నూరుతూ అనేదాన్ని, ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. వర్ని రోడ్డు మీద కాలువ దాటాక, ఒక పటేలు గారి చెరుకు చేను గట్టు మీద ఉండేదా చెట్టు. గట్టు మీద ఇంకో ఇరవై చెట్లున్నా అందరి కన్నూ దాని మీదే. ఎండాకాలం మొదట్లో నలభై రోజులు మాత్రం కల్లు పారేది, అదీ పొద్దుటికి మూడు లొట్లు, అంటే చెట్టుకు కట్టే మట్టి కుండలు. ఆ మూడు లొట్లూ పన్నెండు మందికే. వాళ్లను వాడికెదార్లనేవారు. మా ఆయన పన్నెండోవాడు.

ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే గుమాస్తా. నేను బడి పంతులమ్మను. పైగా మెథడిస్టు ఇంటి పిల్లను, ఆదివారం బడిలో పిల్లలకు తాగుడు పాపమని చెప్పేదాన్ని. ఎండ కొంచెం ముదిరిందంటే చాలు, ఈయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. "గౌడన్న చెట్టు గీసిండట", "ఈసారి మస్తు దిగుతదట" అని తూకం దగ్గర అందరూ అదే ముచ్చట. ఎవరన్నా మానుకుంటే తమను యాది చెయ్యమని బతిమాలేవాళ్లకు లెక్క లేదు. మానుకున్నవాడిని మాత్రం నేను చూడలేదు.

ఆ చెట్టుకు రెండు కట్టుబాట్లుండేవి. కల్లు చెట్టు కిందే తాగాలి, సీసాలో పోసి ఇంటికి పంపరు. "గంటైతే అది వేరే కల్లైతది" అనేవాడట ఆ చెట్టు గీసే గౌడన్న. రెండోది, మొదటి రోజు రానివాడి వాడికె పోయినట్టే.

తొంభైల్లో ఒక ఏడు, సరిగ్గా ఆ మొదటి రోజుకు ముందే ఈయనకు టైఫాయిడ్ వచ్చింది.

"ఏమే, ఒక్క పొద్దు పోయి నా జాగల కూసోవే" అన్నాడు.

"సిగ్గు లేదా? నన్ను కల్లు మండువకు పంపుతవా! పాస్టరయ్య చూస్తే నా మొఖం యాడ పెట్టుకోవాలె?"

ఆ మనిషి గోడవైపు తిరిగి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నా కోసం అంత ఏడ్చింది లేదు. తిట్టుకుంటూనే మొదటి బస్సెక్కాను.

చెట్టు కింద నన్ను చూసి మగవాళ్లందరూ బీడీలు ఆర్పేశారు. పటేలు గారు మంచం మీద కూర్చున్నారు, ఆయనా వాడికెదారే. కొంచెం దూరంలో మోటారు సైకిలు మీద ఒకతను కనిపించాడు. ఎవరని వాడికెదార్లలో ఒకడైన బస్సు కండక్టర్ని అడిగాను. "కల్లు డిపో మనిషి, టీచరమ్మా. గట్టు మీది చెట్లన్ని తనకిమ్మంటున్నడు. పటేలేమో, పన్నెండు మంది నిలిచినన్ని దినాలు గట్టు గౌడన్నదే, ఒక్కలు తగ్గినా డిపోకిస్త అన్నడు" అన్నాడు. డిపో కల్లులో చెట్టుది ఎంతో, మత్తు పొడి ఎంతో దేవుడికే ఎరుక. అరవై ఏళ్ల గౌడన్నకు ఆ గట్టు తప్ప వేరే బతుకు లేదు.

గౌడన్న నడుముకు మోకు బిగించి చెట్టెక్కుతుంటే నేను తిట్లన్నీ మరిచిపోయాను. ఒక్క కదలిక దండగ లేదు. దిగి, మూడు లొట్లూ ఒకే కుండలోకి వంచి, మొదటి రేక గౌడుల దేవుడు కాటమయ్య పేరు చెప్పి చెట్టు మొదట్లో పోశాడు. తాటాకు మడిచిన దొన్నెనే వాళ్లు రేక అంటారు. తర్వాత తాను ఒక గుక్క తీసుకుని ఆగిపోయాడు.

తన మనవరాలికి తియ్యటి నీరా కోసం ఒక లొట్టికి లోపల సున్నం పూసి ఉంచుతాడట. సున్నం ఉంటే కల్లు పులవదు. ముందురోజు సాయంత్రం ఆ లొట్టినే పొరపాటున ఈ చెట్టుకు కట్టాడు.

"తప్పు నాది" అంటూ రెండు చెవులూ పట్టుకున్నాడు గౌడన్న. "కాటమయ్యకు గుడ తప్పే పోసిన."

"ఏడాది సంది సూస్తున్నం గదనే!" అని ఒకరు అరిచారు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఉల్లిగడ్డల వ్యాపారి "కాయ్ ఝాలా, కాయ్ ఝాలా" అని, ఏమైందని మరాఠీలో అందర్నీ అడుగుతున్నాడు. కండక్టరు గౌడన్న దగ్గరికి పోయి, "పక్క చెట్టుది కలుపన్నా, ఎవలు పసిగడతరు?" అన్నాడు.

"మీరు పసిగట్టరు. నాకెరుకే గద" అన్నాడు గౌడన్న. కుండ మొత్తం గట్టు మీద పారబోశాడు.

డిపో మనిషి నవ్వాడు. "రేపు ఎంతమందొస్తరో సూద్దాం" అని బండి స్టార్ట్ చేశాడు. పటేలు గారు మొదటి రోజు మర్నాటికి మారిందని చెప్పి లేచారు.

ఆ రోజు బడిలో నాకు మనసు నిలవలేదు. ఎక్కాలు తప్పు చెప్పి కూడా పిల్లల ముందు ఒప్పుకోని మనిషిని నేను. అంతమందిలో, బతుకు పోయే చోట, ఆయన అంత సులువుగా ఎట్లా ఒప్పుకున్నాడా అని సాయంత్రం దాకా అదే ధ్యాస.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే బస్సెక్కాను. ఒక్కొక్కరే వచ్చారు. వ్యాపారి అందరికంటే చివర, రొప్పుకుంటూ వచ్చాడు. గౌడన్న దించిన కల్లు నురగలు కక్కుతోంది. పటేలు గారు లెక్కపెట్టి నా దగ్గర ఆగారు.

"టీచరమ్మా, ఏమనుకోకుండ్రి. మీరు కూసున్నరు గని తాగరు గద. తాగినోళ్లదే వాడికె. పదకొండే లెక్క."

డిపో మనిషి బండి దిగాడు. గౌడన్న ముందుకొచ్చాడు.

"బిడ్డను బలవంతం చెయ్యకు పటేలా. ఆమె దేవుడు వేరు. పోతే గట్టు పోతది, పోనియ్యి."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. లేచి రేక పట్టాను. "పొయ్యన్నా" అన్నాను.

ఆయన నా ముఖం వంక చూసి, రేక నిండా పోశాడు. తియ్యగా మొదలై, నాలుక చివర కొద్దిగా పుల్లగా తగిలి, చల్లగా దిగింది. అబ్బ, ఇంత బాగుంటుందని ఇన్నేళ్లు నాకొక్కరైనా చెప్పారా! చెప్పే ఉంటారు, నేనే విని ఉండను. దేవుడికి ఆదివారం చెప్పుకుందామని రెండో రేక కూడా పట్టాను. డిపో మనిషి బండి శబ్దం రోడ్డెక్కింది. గౌడన్న తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "గట్టు నిలిచిందా?" అన్నాడు.

"నిలిచింది."

"నా జాగ?"

"అది నాదైంది. ఎవరన్నా మానుకుంటే నిన్ను యాది చేస్తం" అన్నాను.