గోవిందు చదరంగం ఖాతాలో మారిన ప్రశ్న

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా మేనత్తకి జ్వరం తగ్గలేదని ఎవరో తాయెత్తు కట్టిస్తే, ఆ కోపంతో నెల్లాళ్ళు వాళ్ళింటి గడప తొక్కలేదు నేను. కరెంటు పోతే ఫ్యూజు చూసే రకాన్ని. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే ఎవరినో భయపెట్టాలని కాదు. ఇన్నేళ్ళుగా ఎన్ని రకాలుగా విప్పి చూసినా ఒక్కచోట ముడి విడటం లేదు. మీలో ఎవరికైనా విడితే సంతోషిస్తాను.

తొంభైల చివర్లో చోడవరంలో నాకో ఇంటర్నెట్ సెంటరు ఉండేది. సెంటరు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫోను లైను. మోడెం విశాఖ నంబరుకి ఫోను కలిపి, కాసేపు కీచుమని అరిచి, ఆ తర్వాత గానీ ఇంటర్నెట్ వచ్చేది కాదు. వర్షం పడితే అదీ ఉండేది కాదు.

ఇక్కడ నా తప్పొకటి ముందే ఒప్పుకోవాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళెవరికీ పాస్‌వర్డు గుర్తుండేది కాదు. "నీకాడే రాసుంచు బాబూ, మాకేటి గురుతుంటాది" అనేవారు. నేను అందరివీ ఒక నోటుపుస్తకంలో రాసి సొరుగులో పెట్టేవాణ్ణి. పాస్‌వర్డు అనేది ఎవరికి వాళ్ళు దాచుకోవాలని ఎంత చెప్పినా వినేవాళ్ళు కాదు. చెప్పీ చెప్పీ నేనూ ఊరుకున్నాను.

గోవిందు నాతో ఇంటర్ చదివినవాడు. బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో చెరుకు తూచే కాటా దగ్గర గుమస్తా. వాళ్ళక్క నూకరత్నం భర్త రమణ విశాఖలో ఫ్యాక్టరీ ఉద్యోగి, కాపురం గాజువాకలో. బావాబావమరుదులిద్దరికీ చదరంగం పిచ్చి. ఇంటర్నెట్‌లో చదరంగం ఆడుకునే చోటొకటి ఉందని నేనే చూపించి, గోవిందుకి ఖాతా తెరిచి ఇచ్చాను. ఒకరు ఇవాళ ఒక ఎత్తు వేసి వెళ్ళిపోతే, రెండోవారు రేపు వచ్చి చూసుకుని తమ ఎత్తు వేయొచ్చు. గోవిందు రోజూ సాయంత్రం కాటా నుంచి ఇంటికి వెళ్తూ పది నిమిషాలు నా దగ్గర ఆగేవాడు.

బోర్డు పక్కన నాలుగు మాటలు రాసుకునే చోటుండేది. రమణ అక్కడ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి బావమరిదిని ఏడిపించేవాడు. "ఒరే, నీ గుర్రం గడ్డి మేస్తందేట్రా, కదలదు?" అని రాసింది నాకింకా గుర్తుంది. ఆ మాటలు చదువుతూ నేనూ నవ్వుకునేవాణ్ణి. రమణని నేను కలిసింది మూడు నాలుగుసార్లే. అయినా బాగా తెలిసినవాడిలాగే ఉండేది.

ఆ ఏడాది చెరుకు సీజనులో ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి, ఇద్దరూ వడ్డాది నుంచి రమణ బండి మీద వస్తూ ముందు వెళ్తున్న చెరుకు ట్రాక్టరుని వెనకనుంచి గుద్దారు. ఆ సమయానికి రోడ్డు మీద ఇంకెవరూ లేరు. ట్రాక్టరు డ్రైవరుకి చప్పుడు వినబడేదాకా ఏం జరిగిందో తెలియదు. గోవిందుకి ఎడమ మణికట్టు విరిగింది. రమణ విశాఖలో ఆసుపత్రిలో సోమవారం తెల్లవారే వరకూ ఉన్నాడు. ఆ తర్వాత లేడు. బండి బావే తోలుతున్నాడని గోవిందు చెప్పాడు, మేమంతా అదే విన్నాం.

పదకొండో రోజు గురువారం. కర్మ రావికమతం దగ్గర రమణ సొంతూరులో జరిగింది. సెంటరు మూసేసి నేనూ వెళ్ళాను. పొద్దున్న తొమ్మిది నుంచి భోజనాలయ్యేదాకా గోవిందు పక్కనే కూర్చున్నాను. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కర్మ చేస్తున్న రమణ తమ్ముడి వైపు చూస్తూ ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.

శనివారం నా దగ్గరికొచ్చాడు. బావ రాసిన మాటలన్నీ కాగితాల మీద తీసి అక్కకి ఇవ్వాలట. "అక్కకాడ ఫొటో తప్ప ఏటీ నేదురా. ఆయన మాటలన్నా ఉంటాయి" అన్నాడు. ముప్ఫై రోజులు ఎవరూ ఎత్తు వేయకపోతే ఆటనీ, దాని పక్కన రాసుకున్న మాటల్నీ ఆ సైటువాళ్ళు తుడిచేసేవారు. ఇంక రెండు వారాల పైచిలుకు మాత్రమే ఉంది.

పాస్‌వర్డు కొట్టాను. తప్పంది. పుస్తకం తీసి ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. తప్పే. పాస్‌వర్డు మర్చిపోతే మనం ముందే పెట్టుకున్న ప్రశ్నకి జవాబు కొట్టాలి, ప్రశ్నని మాత్రం అది చూపించదు. గోవిందు ఖాతాకి నేను పెట్టిన ప్రశ్న వాళ్ళ బడి పేరు. దాని జవాబు కూడా తప్పంది. ఎవరో ఖాతాలో దూరి అన్నీ మార్చేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పుస్తకం వల్లే అనుకున్నాను. సొరుగు దగ్గర మసిలేవాళ్ళు ముగ్గురుంటే ముగ్గురినీ పిలిచి కడిగేశాను. వాళ్ళలో ఒకరు మళ్ళీ మా సెంటరు మెట్లెక్కలేదు. ఆ మాటలు అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అదే రోజు సైటువాళ్ళకి నాకొచ్చిన ఇంగ్లీషులో పెద్ద ఈమెయిలు రాశాను. ఖాతాదారుడి బావ చనిపోయాడనీ, ఆ మాటలు ఆయన భార్యకి కావాలనీ రాశాను.

మంగళవారం జవాబొచ్చింది. గురువారం పాస్‌వర్డు, ప్రశ్న రెండూ మార్చారని, ఆ పని విశాఖ ఇంటర్నెట్ లైను మీదే జరిగిందని రాశారు. కొత్త ప్రశ్న కనబడేలా ఒక లింకు పంపారు, దానికి సరైన జవాబు చెబితే ఖాతా తెరుచుకుంటుంది. అక్కడ మూడుసార్లు తప్పితే శాశ్వతంగా మూసేస్తారు. వాళ్ళు ఇచ్చిన సమయాన్ని మన సమయంలోకి మార్చి రెండుసార్లు సరిచూశాను. గురువారం ఉదయం పదకొండూ ఇరవై. ఆ సమయానికి మేమిద్దరం కర్మలో ఉన్నాం.

విశాఖలో ఎవడో దొంగ వెధవ అనుకున్నాను అప్పటికి. తర్వాతి నెల టెలిఫోను బిల్లుతో పాటు నేను అడిగి తెప్పించుకున్న కాల్సు జాబితా వచ్చింది. అందులో ఆ గురువారానికి ఒకే ఒక్క కాలుంది. నా నంబరు నుంచి మోడెం చేసే విశాఖ నంబరుకి, పదకొండూ పదహారుకి. తొమ్మిది నిమిషాలు. ఆ రోజు గదికి తాళం వేసి ఉంది. దాని చెవులు రెండూ ఒకే రింగులో నా చొక్కా జేబులో ఉన్నాయి. తిరిగొచ్చి నేనే తీశాను, తాళం వేసింది వేసినట్టే ఉంది.

మంగళవారం దగ్గరికి వస్తాను. కబురు పెడితే గోవిందు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చాడు. బయట చెరుకు బళ్ళు వరసగా వెళ్తున్నాయి. నేను ఆ లింకు తెరిచి కొత్త ప్రశ్న ఏమిటో చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కూడబలుక్కుని పైకి చదివాను.

ఆ రోజు బండి ఎవరు తోలేరు?

ఎవడో తెలిసినవాడే ఈ పని చేశాడని నాకు ఒళ్ళు మండింది. చావు మీద కూడా వేళాకోళమా! అయితే జవాబు తేలికే కదా అని రమణ పేరు కొట్టాను. తప్పంది. 'బావ' అని కొట్టాను. మళ్ళీ తప్పు.

"ఒరే, ఇంకొక్కసారే ఉంది. ఎలా రాయాలంటావు, ఇంటిపేరుతోనా?" అన్నాను.

తిరిగి చూస్తే గోవిందు ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి వెళ్ళి ఒంటి చేత్తో షట్టరు సగానికి దించాడు. వచ్చి కూర్చుని, "నేనేరా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నేనే తోలేన్రా. బావ వెనక కూకున్నారు. నేనే సరదాపడి అడిగేను, ఇచ్చేరు. కానిస్టేబులొచ్చి అడిగితే లైసెన్సు నేదని బయ్యమేసి బావ పేరు సెప్పేసేను. లేచొస్తారు కదా, తిడతారు, నవ్వుకుంటాం అనుకున్నాన్రా. తెల్లారేసరికి ఇంకేటి సెప్పను?"

నిజం చెప్పాలంటే నాకు జాలికంటే ముందు కోపం వచ్చింది. కర్మ రోజున వీడి భుజం మీద చెయ్యేసి కూర్చున్నాను నేను. అయ్యో, తన పొరపాటుకి తనే పోయాడని ఊరంతా రమణని అంటుంటే వీడు విన్నాడు. వాళ్ళక్క కూడా వింది. ఆ మాటే అనేశాను. గోవిందు కీబోర్డు తనవైపు లాక్కుని, కుడిచేతి వేలితో ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు.

ఖాతా తెరుచుకుంది.

లోపల ఏదీ పోలేదు. ఒక్క పావు కూడా కదల్లేదు. రమణ మాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొత్తగా ఒక్క అక్షరం కూడా చేరలేదు. దూరినవాడు పాస్‌వర్డు, ప్రశ్న మార్చాడే తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు.

ఇది నువ్వే చేశావా అని నిలదీశాను. అక్క మీద ఒట్టేశాడు. ఒట్లు నేను నమ్మను గానీ, గురువారం పదకొండూ ఇరవైకి అతను నా మోచేతికి తగులుతూ కూర్చున్నాడు. అదెందుకు నమ్మను? పైగా ప్రశ్న ఎక్కడ మార్చాలో కూడా అతనికి తెలియదు. తాళం చెవి నా దగ్గరుంది, ఆ నిజం గోవిందు దగ్గరుంది. ఇద్దరం పాతిక కిలోమీటర్ల అవతల ఉన్నాం.

ప్రింటరు మీద ఇరవై రెండు కాగితాలొచ్చాయి. వాటిని మడిచి సంచిలో పెట్టుకుని, "నువ్వూ రా. ఒక్కణ్ణీ ఎల్తే మళ్ళీ సెప్పకుండా వచ్చెత్తాను" అన్నాడు. రావికమతం వైపు షేర్ ఆటో ఎక్కాం. అమ్మానాన్నా పోయాక గోవిందుకి అక్క తప్ప ఎవరూ లేరు. ఈ మాట తర్వాత ఆ ఒక్కరూ ఉంటుందో ఉండదో అనుకుంటూ కూర్చున్నాను.

నూకరత్నం అక్క అత్తవారి అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కాగితాలిచ్చాడు. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు, నన్నే చదవమంది. గుర్రం గడ్డి మేయడం దగ్గర నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను చదవడం ఆపేశాను. అప్పుడు గోవిందు తలొంచుకుని చెప్పేశాడు. నా దగ్గర చెప్పినంత పొడుగ్గా కూడా కాదు. "అక్కా, ఆ దినం బండి నేను తోలేనే" అన్నాడు, అంతే.

ఆమె చేతిలో ఉన్న చింతపండు గింజ తీసి పక్కన పెట్టింది.

"తెల్సురా" అంది. "ఆయన ఆసుపత్రిలోనే సెప్పేరు. గోవిందు తోలేడు, ఆడ్నేటీ అనకు, ఆడే వచ్చి సెప్తాడు, నువ్వు మాత్రం అడక్కు అన్నారు. నేనెవరికీ సెప్పలేదు. అడగానూ నేదు. నువ్వొచ్చి అన్నం తిని, తలొంచుకుని ఎల్లిపోతంటే పదారు రోజులు సూసేన్రా."

గోవిందు ఆమె ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కట్టుకట్టిన ఆ చేతిని పక్కకి జరిపి, నలగకుండా పట్టుకుంది.

చాలాసేపటికి, ఇవాళే ఎందుకు చెప్పాలనిపించిందని అడిగింది. జరిగింది నేను చెప్పాను. ఖాతా, గురువారం, మారిన పాస్‌వర్డు, ఆ ప్రశ్న. కంప్యూటరు సంగతి ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు. ప్రశ్న మాత్రం రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

"నన్ను అడగొద్దన్నారు, నేను అడగలేదు. మరి అడిగిందెవరు బాబూ?"

తెలియదక్కా అన్నాను. ఇప్పటికీ తెలియదు.