ఆ బంతి స్ట్రైకే

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో నన్ను మా బేస్‌బాల్ లీగ్ రెండో డివిజన్‌కు ప్లేట్ అంపైర్‌గా వేశారు. నేను అప్పటికి బహ్రెయిన్‌లో, ఈసా టౌన్‌లోని ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. అంపైరింగ్ శుక్రవారాల పని. ప్లేట్ అంటే బ్యాటర్ పక్కన నేలలో అమర్చిన పలక. ప్లేట్ అంపైర్ దాని దగ్గర, బంతి పట్టే క్యాచర్ వెనక వంగి నిలబడి, పిచ్చర్ విసిరే ప్రతి బంతికీ తీర్పు చెప్పాలి.

ఆ లీగ్‌ను చాలా ఏళ్ల కిందట విదేశీ ఇంజనీర్లు తమ సరదా కోసం మొదలుపెట్టారు. వాళ్లు ఆడే మొదటి డివిజన్‌కు పచ్చిక మైదానం, డాక్టరు, గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం అన్నీ ఉండేవి. తర్వాత ఫిలిప్పీన్స్ కార్మికులు జట్లు కట్టుకోవడంతో వాళ్ల కోసం రెండో డివిజన్ పుట్టింది. దానికి అరాద్ దగ్గర ఇసుక నేల ఇచ్చారు. నిజామాబాద్, జగిత్యాల వైపు బడుల్లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆడి వచ్చిన మనవాళ్లతో ఒక తెలుగు జట్టు కూడా అందులో చేరింది.

ఆ జట్టు పిచ్చర్ రాజేశం. జగిత్యాల దగ్గరివాడు, అమ్వాజ్‌లో ఏసీలు బాగుచేసే పని. ఎదుటి జట్టులో రెనాటో అనే ఫిలిప్పీన్స్ యువకుడు అదే కంపెనీలో పెయింటర్. ఆ శుక్రవారం ఇద్దరూ ఒకే వ్యాన్‌లో మైదానానికి వచ్చారు. దిగేటప్పుడు రాజేశం అతని భుజం తట్టి, "ఇయ్యాల నిన్ను ఔట్ జేస్త భాయ్" అన్నాడు. రెనాటోకు తెలుగు రాకపోయినా అర్థమైంది. నవ్వాడు.

ఆట చివరికొచ్చేసరికి రెనాటో జట్టుకు ఒక్క పరుగు కావాలి. అతను బంట్‌కు సిద్ధమయ్యాడు. బ్యాట్‌ను అడ్డంగా పట్టుకుని బంతిని మెల్లగా ముందుకు నెట్టడమే బంట్. అలా ఆడాలంటే ఛాతీ పిచ్చర్ వైపు తిప్పాలి. రాజేశం బంతి వేశాడు. నేరుగా వచ్చింది. రెనాటో ప్లేటు మీదికి బాగా వంగాడు. బంతి బ్యాట్ అంచును తప్పించుకుని అతని ఎడమ ఛాతీకి తగిలింది.

నేను డెడ్ బాల్ అని చేతులెత్తాను. దెబ్బ తగిలితే ఆట ఆగుతుంది. రెనాటో రెండడుగులు నడిచి పడిపోయాడు. ఆ దెబ్బకు గుండె ఆగింది. బడిలో నేర్చుకున్న పద్ధతిలో ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. నా చేతులు అలసినప్పుడు అదే జట్టులో ఆడే అతని అన్న ఎడ్విన్ అందుకున్నాడు. షాక్ ఇచ్చే యంత్రం అక్కడ ఉంటే బతికేవాడేమోనని ఆసుపత్రిలో డాక్టర్ అన్నాడు. మా మైదానంలో అది లేదు. రెనాటో బతకలేదు.

మర్నాడు పోలీసులు రాజేశాన్ని విచారణకు పిలిచారు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసు పడితే ఇంటికి పంపేస్తానన్నాడు. రాజేశం నా గదికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సారూ, నేను కావాలని ఏసిన్నా? మీరు ఎనకాలే ఉన్నరు గద, మీరే జెప్పుండ్రి."

ఆ సాయంత్రమే లీగ్ కార్యదర్శి ప్రసాద్ గారు వచ్చారు. కాకినాడ మనిషి, మంచివాడే. అన్ని జట్ల బాధ్యతా తన మీదే ఉందన్న భయం ఆయనది.

"బంతి అదుపు తప్పిందని ఒక్క మాట చెప్పండి మాస్టారూ. యంత్రం సంగతి బయటికొస్తే గ్రౌండ్ పర్మిషన్ పోద్దండి. అంతమంది కుర్రాళ్లకి ఉన్నది ఈ ఒక్క ఆటేనండి."

"మరి రాజేశం?" అన్నాను.

ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

స్టేషన్‌లో నన్ను పిలిచిన గదిలో ఎడ్విన్ కూడా కూర్చుని ఉన్నాడు. అతని ముందు ఆ బంతి స్ట్రైకేనన్న మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బేస్‌బాల్‌లో సరైన బంతి పడాల్సిన మేరను స్ట్రైక్ జోన్ అంటారు. వెడల్పు ప్లేటంత, ఎత్తు బ్యాటర్ మోకాలి నుంచి ఛాతీ దాకా. ఆ మేరలో వచ్చిన బంతి బ్యాటర్‌కు తగిలినా అది స్ట్రైకే, పిచ్చర్ తప్పు కాదు. బంతి ఆ మేరలోనే ఉందని, రెనాటో దాని మీదికి వంగాడని చెప్పాను. మైదానంలో యంత్రం లేదనీ, రెండో డివిజన్‌కు ఎప్పుడూ లేదనీ కూడా చెప్పాను.

ఎడ్విన్ నా వైపు తిరిగి, తన తమ్ముడిదే తప్పంటున్నారా అని ఇంగ్లిష్‌లో అడిగాడు. కాదన్నాను. బంట్ ఆడేవాడు అలాగే వంగుతాడని, అతనూ ఆడేవాడే కాబట్టి ఆ సంగతి అతనికీ తెలుసని అన్నాను. అతను పిచ్చర్ మీద తనకు ఫిర్యాదు లేదని అధికారితో చెప్పాడు.

రాజేశం బయట మెట్ల మీద ఉన్నాడు. ఎడ్విన్‌ను చూడగానే లేచి చేతులు జోడించాడు. ఎడ్విన్ ఆ చేతులు పట్టుకుని దింపి, ఆదివారం ప్రార్థనకు రమ్మన్నాడు. రాజేశం వెళ్లాడు. చివరి వరసలో కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచి, అందరూ కూర్చున్నప్పుడు కూర్చున్నాడని విన్నాను.

కేసు మూసేశారు. కఫీల్ రాజేశాన్ని పనిలోనే ఉంచాడు. ప్రసాద్ గారు భయపడ్డట్టే మైదానం అనుమతి ఆగిపోయింది. ఆ చలికాలమంతా ఆట లేదు. కార్మికులుండే క్యాంపుల్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. "మీ నిజంతో మా శుక్రవారం ఖలాస్ సార్" అని ఒకతను ముఖం మీదే అన్నాడు. వాళ్ల కోపం అన్యాయమని నేను ఎప్పుడూ అనుకోలేదు. మరుసటి ఏడు యంత్రం పెట్టాలన్న షరతుతో అనుమతి తిరిగొచ్చింది. అప్పటికి తెలుగు జట్టు చెదిరిపోయింది. రాజేశాన్ని ఎడ్విన్ తన జట్టులోకి పిలిచాడు. రాజేశం ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డర్‌గా ఆడాడు. పిచ్చర్‌గా మళ్లీ బంతి విసరనన్నాడు, ఎవరూ బలవంతపెట్టలేదు.

ఈ ఉదంతం నాకు వృత్తిలో రెండు విషయాలు నేర్పింది. దెబ్బ ఎంత పెద్దదైనా, తగిలిన బంతికి తీర్పు మారదు. ఆ తీర్పు వినాల్సినవాళ్ల ముందే చెప్పాలి. రెండోది, ఆట మొదలుపెట్టే అధికారం అంపైర్‌దే కనుక, మొదలుపెట్టకుండా ఉండే బాధ్యతా అతనిదే. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, యంత్రం కంటితో చూడనిదే నేను ప్లే బాల్ అనలేదు. అది లేదని రెండు జట్లనూ ఎండలో నిలబెట్టి వెనక్కి పంపిన శుక్రవారాలున్నాయి. తిట్టుకుంటూనే వెళ్లారు. అందరూ నడిచే వెళ్లారు.