చెల్లెలి నాడి, పెద్దమ్మ పసుపుకొమ్ము

మద్రాసులో ఓవర్సియర్ చదువు ముగించి గిద్దలూరు వచ్చేసరికి మా చెల్లెలి కణతల మీద నాలుగు వాతలున్నాయి. దానికప్పుడు పన్నెండేళ్ళు. మూర్ఛ వచ్చినప్పుడల్లా మా పెద్దమ్మ పసుపుకొమ్మును పొయ్యిలో ఎర్రగా కాల్చి తెచ్చి అంటించేది. అంటించగానే పిల్ల కళ్ళు తెరిచేది. అందుకే ఆమె మాటకు నాయన కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

పెద్దమ్మ కొమరోలులో కూతురి దగ్గర ఉన్న నెలలో చెల్లెలికి మూడుసార్లు మూర్ఛ వచ్చింది. గడియారం ముందు పెట్టుకుని, దాని మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. కాగితం మీద ఇట్ల రాసుకున్నాను:

ఒకటి, మూర్ఛ రెండు నిమిషాలుంటుంది.
రెండు, మొదట్లో నాడి మందగిస్తుంది, తడబడుతుంది. ఒకసారి ఆరు సెకన్లు ఆగింది.
మూడు, తర్వాత లెక్కకందనంత వేగంగా కొట్టుకుంటుంది.
నాలుగు, వాత లేకుండానే లేస్తుంది.

తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని పసుపుకొమ్ము కాల్చి చూసినాను. ఎర్రబడేదానికీ రెండు నిమిషాలే. పెద్దమ్మ వైద్యమంతా అంతే!

కాగితం మార్కాపురం డాక్టరుకు చూపించినాను. మూర్ఛ తలకు సంబంధించిన జబ్బు, గుండెకేం పని, నీ వేలు జారి ఉంటుంది, పోయి రోడ్లు కొలుచుకో అన్నాడు. నా వేలు జారలేదు.

పెద్దమ్మ తిరిగొచ్చిన వారానికి, పొద్దున అన్నం తింటూ చెల్లెలు పడిపోయింది. ఈసారి మూర్ఛ తొందరగా వదల్లేదు. ఒక చేత్తో మణికట్టు పట్టుకుని గడియారం చూస్తున్నాను, నాడి ఆగింది. కాల్చిన కొమ్ముతో పెద్దమ్మ వచ్చేసింది. నేను చెల్లెలి కణతకు నా అరచెయ్యి అడ్డం పెట్టినాను.

"చెయ్యి తియ్యిరా. నీ చదువు దాన్ని చంపేట్టుంది."

"తియ్యను."

నాయన కూడా పక్కకు రమ్మన్నాడు. కదల్లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది సెకన్లు. నా కాగితంలో ఆరు దాటి లేదు. పదకొండుకు వేలి కింద ఒక దెబ్బ తగిలింది. కాసేపటికి ఇంకొకటి.

చెల్లెలు కళ్ళు తెరిచేసరికి కొమ్ము ఆరిపోయింది.

"ఈసారికి బతికింది. మళ్ళీ వస్తే ఏం చేస్తావు?" అంది పెద్దమ్మ.

"ఇట్లనే కూర్చుంటా, పెద్దమ్మా."

ఆ గుండె ఏదో ఒకనాడు ఆగి మళ్ళీ కొట్టకపోవచ్చని నాకప్పుడే తెలిసింది. దానికి నా దగ్గర మందు లేదు. ఆమె దగ్గరా లేదు. లేనప్పుడు పిల్లను కాల్చడమెందుకు?