గుత్తేదారు చేతిలో గొడుగు

1961 డిసెంబర్ 17, ఆదివారం. మందమర్రిలో పొద్దున పది దాటినా మంచు విడలేదు. అది మంచో, బొగ్గు పొయ్యిల పొగో చెప్పడం ఆ ఊళ్ళో కష్టమే. నా మొదటి నాటకం ఆడింది ఆ సాయంత్రమే, నా కొత్త పంతులు ఉద్యోగం ఊడినంత పనయిందీ ఆ సాయంత్రమే. ఉద్యోగం పర్మినెంట్ కావడానికి హెడ్మాస్టరు గారి సంతకం ఇంకా పడలేదు మరి.

నాటకంలో దుష్టుడు, బొగ్గుబాయి పనికి కూలీలను తెచ్చే గుత్తేదారు. వాడికి తెల్లటోపీ పెట్టాను. ఎన్నికల రోజులు. రిహార్సల్ రోజుల్లోనే సంగతి తెలిసి టోపీల పార్టీ రాజలింగం ఇంటికే వచ్చాడు. "పంతులూ, దొంగకు మా టోపీ ఎందుకయ్యా? తీసెయ్."

తీసి, ఎర్రతువ్వాల వేశాను. మర్నాడు ఎర్రజెండా ఓదెలు దిగాడు. "గుత్తేదారు మెడల మా తువ్వాలనా? జర సోయి ఉండి రాస్తున్నవా?"

చదువుకునే రోజుల్లో రచయిత స్వేచ్ఛ మీద డిబేట్‌లో కప్పు గెలిచినవాణ్ణి నేను. ఆ కప్పులో మా అవ్వ ఉప్పు పోసుకునేది, అది వేరే సంగతి. తువ్వాలా తీసేశాను.

దుష్టుడు మరీ బోసిపోయాడు. ఏ పార్టీకీ చెందనివి వెతికి చేతికి గొడుగు, ముక్కుకు నశ్యం ఇచ్చాను. "ఇప్పుడు మంచిగున్నది" అన్నారు ఇద్దరూ. వాళ్ళు ఒక్కమాట మీదికి రావడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం సాయంత్రం, బాయిలో పనిచేసే కొమురయ్య గుత్తేదారు వేషంలో గొడుగు ఊపుకుంటూ వచ్చి, నశ్యం పీల్చి తుమ్మాడు. జనం గొల్లుమన్నారు.

"అరే, హెడ్మాస్టర్ సారు వచ్చిండు!" అని వేషాన్ని చూసి ఎవరో అరిచారు.

అప్పుడు వెలిగింది నాకు. చలికాలం కూడా గొడుగు వదలకుండా నశ్యం పీల్చే మనిషి ఊళ్ళో ఆయనొక్కరే. ముందు వరుసలోనే కూర్చున్నారు.

ఆయన లేచి నిలబడ్డారు. అందరి నవ్వూ ఆగిపోయింది.

"కొమురయ్యా, గొడుగు ఎడమ చేతిల పట్టాలె. కుడిచెయ్యి నశ్యానికి" అని మళ్ళీ కూర్చున్నారు.

మర్నాడు పిలిపించారు.

"టోపీ ఎందుకు తీసినవ్?"

"రాజలింగానికి భయపడి, సార్."

"తువ్వాల?"

"ఓదెలుకు భయపడి."

"మరి నాకెందుకు భయపడలే?"

"మీరు గుర్తుకే రాలే, సార్."

సంతకం చేసి కాగితం నా ముందుకు తోశారు. "ఇగ ఎవలకూ భయపడి రాయకు. లేకుంటే మళ్ళ ఎవలి గొడుగో ఎత్తుకొస్తవ్."

కొన్నేళ్ళకు రిటైరై ఊరు విడిచి పోయేముందు హెడ్మాస్టరు గారు తన గొడుగు కొమురయ్యకిచ్చారు. ముసలితనం దాకా అతను ఆ వేషం దానితోనే కట్టాడు. నశ్యం డబ్బీ ఓదెలుకు, మడత కుర్చీ రాజలింగానికి దక్కాయి. నాకేమీ రాలేదు. పోనీ నాటకమన్నా నాదేనా అంటే, మందమర్రిలో ఇప్పటికీ దాన్ని 'హెడ్మాస్టర్ సారు నాటకం' అనే అంటారు.