షాహీన్ పెన్నుతో నవ్య రాసిన పరీక్ష

పదహారేళ్ళుగా హైదరాబాదులో ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పుతున్నాను. రోజుకు వందసార్లు "భయపడకండి" అనడమే నా ఉద్యోగం. అయినా మా అక్క కూతురు నవ్యకు ఆ మాట చెప్పి ఒక్కసారీ గెలవలేదు. కిందటి ఏడాది నిజామాబాద్‌లో పదో తరగతి ప్రీఫైనల్ రోజున ఆ పిల్ల స్కూలు గేటు దగ్గరే కూలబడిపోయింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. వారం వారం ర్యాంకులు గోడకు అంటించే స్కూలది. ఆ తర్వాత పరీక్ష మాటెత్తితే చాలు వాంతులు. పబ్లిక్ పరీక్షలు రాయనే లేదు. డాక్టరుకు చూపిస్తే ఆందోళన ముదిరిందనీ, చదువు సంగతి తర్వాత, ముందు పిల్లను మాట్లాడించాలనీ అన్నారు. ఎవరో చెప్పగా మా బావ ఆమెను బోధన్ దాటాక రుద్రూర్ రోడ్డులో, చెరకు తోటల మధ్య ఉన్న ఒక మిషన్ స్కూల్లో చేర్చి హాస్టల్లో ఉంచాడు. ఏడాది తిరిగింది. మళ్ళీ పది, మళ్ళీ పబ్లిక్ పరీక్షలు.

మొదటి పరీక్షకు వారం ముందు నవ్య ఇంటికి ఫోన్ చేసింది. "బాపు రావద్దు. బాపు మొఖం సూస్తే నాకు పోయినసారిదే యాదికొస్తది. చిన్నమ్మను పంపుండ్రి" అన్నదట. అక్కకు ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు, ఆమె కదలలేదు. బావ ఆ మాటకు బాగా నొచ్చుకున్నాడు. నేను నిజామాబాద్ చేరిన సాయంత్రం చాయ్ గ్లాసు నా చేతికిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పాడు. "పో. కానీ ఈసారి గూడ గేటు కాడ పడిపోతే ఇంటికి తోల్కరా. సదువు సాలు. పిల్లను ఇంక సతాయించుడు నాతోని కాదు." అక్క మాత్రం బాసర అమ్మవారి దగ్గర పూజ చేయించి తెప్పించిన పెన్ను నా సంచిలో పెట్టింది. పసుపు దారం చుట్టి, క్లిప్పు మీద కుంకుమ అద్ది ఉంది. "దీంతోనే రాయమను" అని మూడుసార్లు చెప్పింది.

మీ పిల్లలు కూడా ఆ వైపు హాస్టళ్ళలో ఉంటే ఈ వివరాలు పనికొస్తాయి. హైదరాబాద్ నుంచి నిజామాబాద్‌కు బస్సులో నాలుగు గంటలు పడుతుంది, రైలైనా కాస్త అటూ ఇటూ అంతే. పరీక్ష రోజు తెల్లవారి బయల్దేరితే అందుకోలేరు, ముందు రోజే నిజామాబాద్ చేరి పడుకోండి. పొద్దున ఆరింటికి ముందే బస్టాండుకు వెళ్తే బోధన్ బస్సు దొరుకుతుంది. దూరం పాతిక కిలోమీటర్లు దాటుతుంది, ఎడపల్లి మీదుగా ముప్పావు గంట నుంచి గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు, పైసా కట్టక్కర్లేదు. మగవాళ్ళు యాభై రూపాయల లోపు చిల్లర సిద్ధంగా పెట్టుకోండి, కండక్టర్లు పొద్దున్నే చిల్లర దగ్గర చాలా పట్టుదలగా ఉంటారు. నేను సెలవు రోజున స్టీరింగ్ ముట్టుకోను కాబట్టి హాయిగా కిటికీ పక్కన కూర్చున్నాను. హాయి అనుకున్నానే గానీ, దారి పొడుగునా నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఇది నా వృత్తి రోగం. పక్కవాళ్ళు నడుపుతుంటే కాలు ఆగదు.

బోధన్ బస్టాండు బయట ఒక ఆటో ఆయన తనే పలకరించాడు. పేరు ఖాజా భాయి. చెరకు తోటల బడికి, మా నవ్య దగ్గరికి అనగానే ముఖం వెలిగింది. "మా బిడ్డ షాహీన్ గూడ గాడనే పది సదువుతుంది మేడం. నేను ఎట్లయినా గటే పోయేటోన్ని. వంద ఇయ్యుండ్రి సాలు." మామూలుగా నూట యాభై దాకా అడుగుతారట. దారిలో రెండు వైపులా వరి, మధ్య మధ్య ఇంకా కొట్టని చెరకు. ఒక చోట చెరకు బండి అడ్డం వస్తే ఆపి, వెనక్కి తిరిగి అన్నాడు. "మీ నవ్యే గదా మా షాహీన్ జత? మా పొల్ల ఇంటికొస్తే గా పిల్ల ముచ్చటే." జత ఏమిటన్నాను. "పోయినంక మీకే తెలుస్తది" అని నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. నిజం చెప్పాలంటే, మిషన్ స్కూలు అనగానే నా మనసులో ఒక అనుమానం ముందే కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిల్లకు ధైర్యం నేర్పుతున్నారా, మతం నేర్పుతున్నారా చూసి రావాలని కూడా వెళ్ళాను.

ఏడున్నరకు ప్రార్థన గదిలో పదో తరగతి పిల్లలంతా నేల మీద కూర్చున్నారు. ముందు ఒక స్టీలు పళ్ళెం, దాని నిండా పెన్నులు. పరీక్షకు ముందు పెన్నులు పెట్టి ప్రార్థన చేయడం చాలా మిషన్ స్కూళ్ళలో ఉన్నదే. కానీ ఇక్కడ ఒక పద్ధతి ఉంది, అది నేను ఎక్కడా చూడలేదు. పిల్లలు ఏడాది మొదట్లోనే జతలు జతలుగా కుదురుతారు. ఎవరూ తమ కోసం తాము అడగకూడదు. జతలో ఒకరి భయం ఇంకొకరు పైకి చెప్పి, ఆ ఒకరి కోసం అడగాలి. ఆఖర్న ఎవరి పెన్ను వాళ్ళు తీసుకోరు. జతవాళ్ళ పెన్ను తీసుకుని, ఆ పెన్నుతోనే పరీక్ష రాస్తారు.

నవ్య లేచి నిలబడింది. ఏడాది కిందట పాలవాడికి కూడా జవాబు చెప్పని పిల్ల. "ప్రభువా, మా షాహీన్‌కు లెక్కల కన్నా తెలుగంటేనే బుగులు. పద్యం సగంల మర్సిపోతా అని రాత్రంత నిద్రపోలే. దాని చెయ్యి పట్టుకో" అన్నది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. షాహీన్ తెల్ల స్కార్ఫు సర్దుకుని "యా అల్లా, మా నవ్యకు గేటు అంటే భయం" అని మొదలుపెట్టింది. ఎవరూ తల తిప్పి చూడలేదు, అది అక్కడ రోజూ వినే మాటలాగే ఉంది. నా కళ్ళు చెమర్చాయి. అంతలోనే నవ్య పళ్ళెం దగ్గరికి వెళ్ళి, నేను రాగానే ఇచ్చిన బాసర పెన్నును షాహీన్ చేతిలో పెట్టి, షాహీన్ నీలం పెన్ను తీసుకుంది.

అక్కడ నేను నోరు జారాను. నవ్యను వరండాలోకి లాగి గట్టిగానే అన్నాను. "అదేం పని? మీ అమ్మ పూజ చేయించి పంపింది. దానితో రాయకపోతే ఎట్లా? ఏమన్నా అయితే?" ఆ ఆఖరి మాట నా నోట్లోంచి రాగానే నవ్య ముఖంలో రంగు పోయింది. ఏడాది పాటు వీళ్ళంతా కట్టిందాన్ని నేను ఒక్క మాటతో తన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎస్తేరు టీచర్ వచ్చి నవ్య భుజం మీద చెయ్యి వేసి, ఆమెతో పాటు నెమ్మదిగా నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలింది. తర్వాత పిల్లను బస్సు దగ్గరికి పంపి నా వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళుగా హాస్టలు చూసుకుంటున్న మనిషి, కోపం లేదు. "ఆ పెన్ను మంచిదని మీరు నమ్ముతరు గదా అక్కా? నవ్య గూడ నమ్ముతది. మంచిదని తెలిసే షాహీన్‌కిచ్చింది." మతం సంగతి కూడా అక్కడే అడిగేశాను. "మేం యేసుప్రభువును అడుగుతం, దాచిపెట్టం. పిల్లలకు ఎవలు యాదికొస్తే వాళ్ళనడుగుతరు, బలవంతం లేదు. నెలకోసారి నిజామాబాద్ డాక్టర్ దగ్గరికి నేనే తీస్కపోతున్న. ప్రార్థన చేస్తున్నమని డాక్టర్‌ను బంద్ చెయ్యలే, డాక్టర్ ఉన్నడని ప్రార్థన బంద్ చెయ్యలే" అన్నది. ఆపైన ఖాజా భాయిని పిలిచి, ఇద్దరినీ చూస్తూ నవ్వింది. "గేటు బయట నిలవడేటోళ్ళకు గూడ జత ఉంటది. మీరు షాహీన్ కోసం అడుగుండ్రి. ఖాజా అన్న నవ్య కోసం అడుగుతడు."

స్కూలు బస్సు వెనకే ఆటోలో బోధన్ చేరాం. పరీక్షా కేంద్రం ఒక ప్రభుత్వ పాఠశాల. పెద్దవాళ్ళను గేటు దగ్గర నిలబడనివ్వరు, రోడ్డు అవతల నిలబడాలి. తొమ్మిదికి పిల్లలు దిగారు. నవ్య గేటు ముందు ఆగిపోయింది. ఒక్క క్షణమో, పదో, నాకు లెక్క తెలియలేదు. నా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. షాహీన్ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అన్నది. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. గేటు దాటింది! నేను రోడ్డు మీదే చప్పట్లు కొట్టాను. కానిస్టేబుల్ వింతగా చూశాడు, చూడనీ.

సగం గెలుపే అది. మూడు గంటలు లోపల కూర్చోవాలి. పదిన్నర దాటాక వరండాలో డ్యూటీ నర్సు నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తింది. ఎవరో ఆడపిల్లకు కళ్ళు తిరిగాయని గేటు దగ్గరి నుంచి మాట వచ్చింది. ఏ బడి అంటే చెరకు తోటల బడి అన్నారు. బావ మాట చెవిలో గింగురుమన్నది. ఖాజా భాయి, నేను ఒకరినొకరు పట్టుకుని మెడలు చాచి చూశాం. స్తంభం పక్క బెంచీ మీద తెల్ల స్కార్ఫు కనిపించింది. షాహీన్. నాకు మొదట కలిగింది సంతోషం, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా పిల్ల కాదు అని. పక్కన ఆ తండ్రి పెదవులు తడారిపోయి ఉన్నాయి. "మేడం, మీరు అడుగుండ్రి" అన్నాడు. "మా పొల్ల కోసం మీరే గదా అడగాల్సింది."

నాకు ప్రార్థన చేయడం రాదు. ఇంట్లో దీపం పెట్టడమే నాకు తెలిసిన భక్తి. అయినా కళ్ళు మూసుకుని పైకే అన్నాను. "స్వామీ, ఎవరైనా సరే, ఆ పిల్లను లేపు. లోపలికి పంపు." కళ్ళు తెరిచేసరికి షాహీన్ నీళ్ళు తాగుతోంది. ఒక చేతిలో పసుపు దారం పెన్ను గట్టిగా పట్టుకునే ఉంది. కాసేపటికి లేచి, నర్సుతో ఏదో చెప్పి, తనంతట తనే నడుచుకుంటూ హాల్లోకి వెళ్ళింది. ఖాజా భాయి చేతులు ముఖానికి అద్దుకుని ఏడ్చాడు. అప్పుడు ఆయన వంతు. నవ్య కోసం పన్నెండున్నర దాకా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

పన్నెండున్నరకు గంట మోగింది. పిల్లలు గుంపులుగా వచ్చారు, అందరికన్నా వెనక ఇద్దరూ చేతులు ఊపుకుంటూ వచ్చారు. నవ్య నవ్వుతోంది! దాన్ని వాటేసుకుని ఎత్తి తిప్పాను, నడుం పట్టేసినా సరే. "అన్నీ రాసిన చిన్నమ్మా" అన్నది. భయం వేయలేదా అంటే దాచకుండా చెప్పింది. "షాహీన్ బయటికి పోంగనే నాకు గూడ చేతులు చల్లవడ్డయి. లేద్దామనుకున్న. కానీ దాని పెన్ను నా చేతిల ఉండె. నేను గూడ లేస్తే దాని కోసం ఎవలు అడుగుతరు? గందుకే కూసున్న. దాని కోసం అడుగుకుంట రాసిన. నా కోసం భయపడుడు మర్సేపోయిన." షాహీన్ పసుపు దారం పెన్ను చూపించి, "ఇది మస్తు రాసింది ఆంటీ, పద్యం మొత్తం రాసింది" అన్నది. నా చెంప మీద కొట్టినట్టయింది, కానీ ఇంత హాయైన చెంపదెబ్బ నేనెప్పుడూ తినలేదు.

రోడ్డు పక్క చెరకు రసం బండి దగ్గర సరిహద్దు అవతలి నుంచి వచ్చి మరాఠీలో బేరాలాడుతున్న గుంపులో దూరి, అల్లం నిమ్మకాయ వేయించుకుని, గేటు బయట మా జత సంగతి పిల్లలకు చెబుతూ నలుగురం తాగాం. గ్లాసు ఇరవై రూపాయలు, మంచు వద్దంటే ఇంకాస్త నిండుగా పోస్తారు. అక్కడి నుంచే బావకు ఫోన్ చేశాను. మూడు గంటలూ కూర్చుని రాసిందని చెప్పాను. "నిజమేనా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. నవ్య ఫోన్ లాక్కుంది. "బాపూ, వచ్చే పరీక్షకు నువ్వు రా. ఖాజా చాచాతోని నీకు జత కుదిరిస్త. గేటు బయట నువ్వు షాహీన్ కోసం అడగాలె, నా గురించి బుగులు పడొద్దు." అవతల ఆయన ఏడవడం ఖాజా భాయికి కూడా వినిపించింది.

తిరుగు బస్సులో చాలాసేపు ఆలోచించాను. నా కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ ధైర్యమంతా పక్క మనిషి కాలి కింద ఉన్న ఆ రెండో బ్రేకే. ఇన్నేళ్ళూ నేను "భయపడకండి" అని నోటితో చెప్పిందాన్ని ఆ చెరకు తోటల బడి ఒక పెన్నుగా పిల్లల చేతికి అప్పగించింది. వాళ్ళ నమ్మకం నాది కాదు, రేపు కూడా నేను దీపమే పెడతాను. కానీ భయపడే పిల్లకు ఇంకొకరి భయం మోసే పని ఇచ్చి నిలబెట్టింది మాత్రం ఆ నమ్మకమే. ఆ రోజు బస్సులో, ఎడపల్లి దాటాక గమనించాను, నా కుడికాలు కదలకుండా ఉంది.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. పరీక్ష రోజు మీ పిల్ల కోసం మంచి పెన్ను కొనండి, పూజ చేయించినా ప్రార్థన చేయించినా మీ ఇష్టం. దాన్ని వాళ్ళు వేరే పిల్ల చేతిలో పెడితే మాత్రం, నాలాగా నోరు తెరవకండి.