ఇనుప చక్రాల ట్రాక్టరు నడిపిన ఆదెమ్మ పిన్ని

ఆదెమ్మ పిన్ని ఇక లేదు. ఈ వాక్యం రాసి చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చున్నాను. మొన్న ఆదివారం నరసరావుపేటలో ఆమె ట్రాక్టరుకు స్పార్కు ప్లగ్గులు కొనుక్కుని రెంటచింతలలో బస్సు దిగానో లేదో, సోడాబండి అతను ఎదురొచ్చాడు.

"పంతులుగారూ, మీ ఆదెమ్మ పిన్ని పొద్దున చేలోనే కూలబడి పోయిందంటండీ."

"ఏ ఆదెమ్మ?" అన్నాను. తెలిసే అడిగాను. గుండె ఆగిపోయిందట. ముందురోజే ప్లగ్గులు ఆలస్యమయ్యాయని నన్ను దులిపేసిన మనిషి!

రక్తసంబంధం లేదు, మా పొరుగింటి ఇల్లాలు. భర్త అకాలమరణానంతరం, ఆయన వదిలివెళ్లిన పాత విదేశీ ట్రాక్టరును తానే నడిపి మెట్టచేను సాగుచేసిన ధీరురాలు. వేలకు వేలుగా ఒకే మూసలో తయారై వచ్చిన తొలితరం యంత్రమది. ఇనుప చక్రాలు, నాలుగు సిలిండర్లు, ఇరవై గుర్రాల శక్తి, ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి. హ్యాండిల్ తిప్పితే పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచేది. బరువంతా వెనకనే, నాగలి రాతికి తగిలితే ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. "దీనికి పొగరెక్కువరా. క్లచ్చి మీంచి కాలు తియ్యబాక" అనేది నాతో.

మా అన్నయ్య కోటయ్య నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం గుంతలో బండ జారి అతని కాలిమీద పడింది. గడ్డపారలు వంగాయి గాని బండ కదల్లేదు. కబురందగానే పిన్ని వచ్చి, గుంత గట్టున ట్రాక్టరు నిలిపి, బండ అంచుకు గొలుసు కట్టించింది. లాగీలాగగానే ముందు చక్రాలు లేచాయి. ఇంకాస్త లేస్తే యంత్రం తిరగబడి ఆమెనే నలిపేసేది. పిన్ని క్లచ్చి తొక్కింది. చక్రాలు దబ్బున నేలకు దిగాయి.

"దిగమ్మా, చస్తావు!" అని అరిచాడు మేస్త్రీ.

"నేను దిగితే వాడెట్టా లేస్తాడు? ముందుపక్క రాళ్లు కట్టండి. చానా కట్టండి!"

కట్టారు. మొదటి గేరులో, వెంట్రుకవాసి చొప్పున లాగింది. బండ అంచు లేచింది. అన్నయ్యను ఇవతలికి లాగేశారు. పిన్ని దిగి, గొలుసు విప్పసాగింది.

"భయమెయ్యలా పిన్నీ?" అని అడిగాను.

"ఎయ్యకేం? నా భయం తగ్గిందాకా వాడు ఆగుతాడా?"

ఆమె లోటు పూడేది కాదు. ఆపద వస్తే ఎవరికి కబురంపాలో మాకిప్పుడు తెలియదు. ఆ సాహసమూర్తికి నా సాష్టాంగ ప్రణామం.

నిన్న పాడె మోయడానికి అన్నయ్య ముందుకొచ్చాడు. కుంటుతాడని పెద్దలు వారించారు.

"ఈ కాలు ఆమె ఇచ్చిందే. మొయ్యనియ్యండి" అన్నాడు.

పెద్దలు పక్కకు తప్పుకున్నారు. మిగిలిన ముగ్గురూ అడుగు తగ్గించుకున్నారు. ఊరంతా అన్నయ్య నడకతోనే ఆమెను సాగనంపింది.